మూతెడు కల్లు

ఈ మాట ముందే ఎందుకు రాయలేదంటే, యాభై రెండేళ్లు వచ్చేదాకా నాకు అక్షరం రాదు. రాయాల్సింది ఏదైనా ఉంటే నా బిడ్డ రాసి పెట్టేది. చదవాల్సింది ఉంటే తనే చదివేది. కరెంటు బిల్లు, దవాఖాన చిట్టీ, చుట్టాల పెళ్లి పత్రిక, అన్నీ నేను నా బిడ్డ గొంతులోనే విన్నాను. ఈ ఒక్కటి మాత్రం ఆమెతో రాయించుకునేది కాదు. ఇది ఆమెకే చెప్పాల్సిన మాట. వేరేవాళ్లతో రాయిస్తే పొద్దుగూకేలోపు వాడ మొత్తానికి తెలుస్తుంది. కాబట్టి అక్షరాలు వచ్చేదాకా అది నాలోనే ఉంది. వచ్చాక కూడా కొన్నాళ్లు ఉంది. ఆ కొన్నాళ్లకు నా దగ్గర ఏ సాకూ లేదు.

నేను బాన్సువాడలో ఒక రైసు మిల్లు వెనక కిరాయి గదిలో ఉంటాను. ఫంక్షన్ హాల్లో గిన్నెలు కడుగుతాను. నా భర్త కామెర్లతో పోయి పదకొండేళ్లయింది. బిడ్డ ఒక్కతే. పది చదివింది. పెళ్లి చేసుకుని కోటగిరి దగ్గర ఉంటుంది, అల్లుడు ట్రాక్టర్ నడుపుతాడు. అంతకు ముందు మేం నస్రుల్లాబాద్ దిక్కు ఒక ఊళ్లో ఉండేవాళ్లం. నాట్లు, కలుపులు, కోతలు. ఏ పని ఉంటే ఆ పని.

నాట్ల కాలంలో పొద్దున బురదలో దిగితే మధ్యాహ్నం బువ్వ వేళకే నడుము పట్టేసేది. అప్పుడు మేస్త్రీ కల్లు క్యాను తెప్పించేవాడు. సాయంత్రం ఇంటికి పోయే దారిలో మళ్లీ కల్లు దుకాణం. రేకుల షెడ్డు కింద ఒక దిక్కు మగవాళ్లు, ఒక దిక్కు మేము. తలా ఒక సీసా, పొట్లంలో ఉడకబెట్టిన శనగ గుడాలు. అక్కడ కూర్చున్న గంటసేపే మేం ఒకరి మొహం ఒకరం చూసుకునేది. మిగతా రోజంతా ఒకరి వీపు ఒకరం చూసేవాళ్లం.

అది చెట్టు కల్లు కాదని అందరికీ తెలుసు. అంతమందికి సరిపోయే చెట్లు ఎక్కడున్నాయి? నీళ్లల్లో చక్కెర, ఇంకేదో పొడి కలుపుతారని తెలుసు. మేమే దాన్ని మందు కల్లు అనేవాళ్లం. తాగితే నడుము నొప్పి పోతుంది, నిద్ర పడుతుంది. అంతకుమించి ఆ పొడి ఏం చేస్తుందో అడిగినవాళ్లు లేరు.

బిడ్డకు ఏడాది నిండాక మళ్లీ నాట్లకు పోయాను. గట్టు మీద గోనెసంచి పరిచి, గొడుగు నిలబెట్టి దాని కింద పడుకోబెట్టేదాన్ని. నేను నాలుగు అడుగులు వెనక్కి జరిగేసరికి ఏడుపు. గట్టెక్కి ఎత్తుకుంటే నా వరుస ఆగిపోతుంది, పక్కవాళ్లు వెయ్యాల్సి వస్తుంది. నా పక్క వరుస మా వదినెది. సొంత వదినె కాదు, వరుసకు వదినె. ఆమే అన్నది.

"గింత పొయ్యరాదే దాని నోట్లె. కల్లు చలువ. నా ముగ్గురికి పోసిన. ఏమైంది వాళ్లకు? కోతుల్లెక్క ఉరుకుతున్నరు."

క్యాను మూతలో పోసి తాగించాను. బిడ్డ మొహం ముడిచింది, పెదాలు నాకింది, కాసేపటికి పడుకుంది. లేచేసరికి మా మడి అయిపోయింది. రెండో రోజు ఎవరూ చెప్పకుండానే పోశాను. నాట్లు అయిపోయినా ఆ మూత ఆగలేదు. అప్పుడు ఇది తప్పని నాకు అనిపించలేదు. అనిపించిందని ఇప్పుడు రాస్తే అబద్ధం అవుతుంది.

బిడ్డకు రెండేళ్లు దాటినప్పుడు కల్లు దుకాణాలు వేలంలో పాడుకున్నవాళ్ల మధ్య ఏదో తగాదా వచ్చి కొన్ని రోజులు మూతపడ్డాయి. ఊరంతా చిరాకుగా ఉంది. నాకు చేతులు వణికాయి, నిద్ర లేదు. బిడ్డకూ నిద్ర లేదు. రెండు రోజులు ఎడతెగకుండా ఏడ్చింది. మూడో రోజు ఏడుపు ఆగింది. ఎత్తుకుంటే కట్టెలా ఉంది. కళ్లు పైకి పోయాయి. ఎడమ చెయ్యి ముందు కొట్టుకుంది, బొటనవేలు లోపలికి ముడుచుకుంది. తర్వాత ఒళ్లంతా. మర్నాడు మళ్లీ వచ్చింది.

మా అత్తకు ఒక తమ్ముడు ఉండేవాడట. అతనికి మూర్ఛ. కాలువ దగ్గర వచ్చి నీళ్లల్లో పడి పోయాడు. అత్త బిడ్డను చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"మా తమ్మునిదే. రక్తంల ఉన్నది. ఏడికి పోతది?"

చురకలు పెట్టే ముసలామె దగ్గరికి తీసుకుపోయాం. పసుపు కొమ్మును నిప్పుల్లో ఎర్రగా కాల్చి, బొడ్డుకు అటూ ఇటూ తాకించింది. కాళ్లు పట్టుకున్నది నేనే. ఆ రోజే సాయంత్రం దుకాణం తెరిచారు. నేనొక సీసా తాగి బిడ్డకు మూతెడు పోశాను. పొద్దెక్కేదాకా లేవకుండా నిద్రపోయింది. చురకలు పనిచేశాయని ముసలామెకు కోడిపుంజును ఇచ్చి వచ్చాం.

తర్వాత అంగన్వాడీకి పోవడం మొదలయ్యాక బిడ్డ నా దగ్గర ఉండే గంటలు తగ్గాయి. ఒక రోజు పోస్తే రెండు రోజులు మరిచేదాన్ని. అట్లా దానంతటదే ఆగింది. మూర్ఛ మళ్లీ ఎప్పుడూ రాలేదు. కానీ మాట మాత్రం ఇంట్లో ఉండిపోయింది. బిడ్డను కాలువ దగ్గరికి పోనివ్వలేదు, చెరకు బండి ఎక్కనివ్వలేదు. బొడ్డు పక్కన కందిగింజంత మచ్చలు రెండు చూపించి ఇవేందని అడిగితే, మీ నాయనమ్మ తమ్మునిది నీకు వచ్చింది, అందుకే కాల్పించినం అని నేనే చెప్పాను. ఒకసారి కాదు, ఎన్నిసార్లో.

బిడ్డ నన్ను ఇద్దరిగా లెక్కపెట్టేది. పొద్దటి అవ్వ, మాపటి అవ్వ. పొద్దటి అవ్వ ఊరికే కసురుకుంటుంది, గిన్నెలు ఎత్తేస్తుంది. మాపటి అవ్వ జడ వేస్తుంది, బతుకమ్మ పాట పాడుతుంది, బడిలో ఏమైందో అడుగుతుంది. ఏదైనా కావాలంటే పొద్దున అడిగేది కాదు. "మాపటి అవ్వ వచ్చినంక అడుగుత," అని వాళ్ల నాయనతో గుసగుసలాడేది. ఆయన నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని, సాయంత్రమైతే.

రెండేళ్ల కింద ఎండాకాలంలో అధికారులు వచ్చి దుకాణాలు మూయించారు. అప్పటికి నేను బాన్సువాడకు వచ్చేశాను, రోజూ రెండు సీసాలు తాగుతున్నాను. మూడో రోజు ఫంక్షన్ హాల్లో గిన్నెలు కడుగుతుంటే గంగాళం అంచున చీమలు బారుగా పోతున్నాయి. నీళ్లు పోస్తే పోవడం లేదు. పక్కన కడిగే ఆమెను, నువ్వే తెచ్చి పోసినవని తిట్టానట. ఆమె తల్లిని కూడా తిట్టానట. నాకు గుర్తున్నది చీమలే.

కళ్లు తెరిచేసరికి దవాఖాన. పక్కన బిడ్డ ఉంది. నాకు నాలుక తెగి వాచింది. ఏమైందని అడిగితే బిడ్డ చేసి చూపించింది.

"కండ్లు తేలేసినవు అవ్వా. ఎడమ చెయ్యి ముందుగాల కొట్టుకున్నదట. బొటనేలు గిట్ల లోపటికి పోయిందట. నీతోని పనిచేసేటోళ్లు చెప్పిండ్రు." ఆమె నన్ను నవ్వించాలని చూసింది. "నీక్కూడ మా నాయనమ్మ తమ్మునిదే వచ్చిందా ఏంది? నువ్వు గా ఇంటి రక్తం కూడ కాదు గదా."

తను నవ్వింది. నేను ఆమె ముడిచి చూపిస్తున్న బొటనవేలు చూస్తున్నాను. పాతికేళ్ల కింద ఆ వేలు చూశాను. అప్పుడది చిక్కుడుగింజంత ఉండేది.

డాక్టరమ్మ వచ్చి మంచం అంచున నిలబడి చెప్పింది. ఆమెది చిన్న వయసే, కానీ తొందరపడకుండా చెప్పింది.

"మెదడుల ఉరికించేది ఒకటి ఉంటదమ్మా, ఆపేది ఒకటి ఉంటది. మీ కల్లుల కలిపే మందు ఆపేదానికి బలం ఇస్తది. రోజూ బయటినుంచి వస్తుంటే మెదడు తన బ్రేకు తాను వేసుకునుడు తగ్గిస్తది. ఒక్కసారి మందు బందైతే ఉరికేది ఉరుకుతనే ఉంటది, ఆపేది లేదు. గందుకే వణుకు, గందుకే చీమలు, గందుకే ఫిట్స్. ఇది దయ్యం కాదు, పిచ్చి కాదు. మెల్లగ తగ్గించాలె. ఒక్కసారి ఆపొద్దు." తర్వాత అడిగింది. "మీ ఇంట్ల ఇంకెవరన్న తాగేవాళ్లు ఉన్నరా?"

బిడ్డ నా కాళ్ల దగ్గర దుప్పటి సర్దుతోంది.

"లేరమ్మా," అన్నాను.

గోళీలు రాసిచ్చారు. వారం వారం కొంచెం తగ్గిస్తూ పోవాలి. ఆ నెలల గురించి చాలా రాయవచ్చు కానీ గుర్తున్నది ఒకటే, సాయంత్రం ఐదు గంటలు. ఐదు కాగానే కాళ్లు వాటంతటవే లేచేవి. నేను గదిలో కూర్చుని కాళ్లను పట్టుకునేదాన్ని. కల్లు కంటే ఎక్కువ మనుషులు యాదికొచ్చేవారు. దుకాణాలు మళ్లీ తెరిచారు. రోడ్డు మీద పోతే షెడ్డు కిందినుంచి పిలుపులు.

"కూసో రావే, తాగకపోతే తాగకపాయె. గుడాలన్న తిను."

కూర్చుంటే తాగుతానని నాకు తెలుసు. కూర్చోకపోతే పొగరు అనుకుంటారని కూడా తెలుసు. అట్లా ఒకరొకరుగా పిలవడం మానేశారు. మా వదినె ఒక్కతే ఊరినుంచి ఫోన్ చేసేది. తర్వాత ఆమె కూడా చేయలేదు.

మా వాడకు అవతల ఒక రిటైరైన టీచరమ్మ సాయంత్రం ఐదింటికి ఆడవాళ్లకు అక్షరాలు చెప్తుందని తెలిసింది. నేను చదువు కోసం పోలేదు. ఆమె ఇల్లు దుకాణానికి ఎదురు దిక్కున ఉంది, అందుకు పోయాను. ఐదుగురం ఉండేవాళ్లం, తర్వాత ముగ్గురం. నా చెయ్యి వణికి గీతలు పలక దాటి పోయేవి. టీచరమ్మ మణికట్టు పట్టుకుని, "మెల్లగ, నాటు వేసినట్టు వెయ్యండి. ఒక్కొక్కటి," అనేది. నాటు అంటే నా చేతికి తెలుసు. అప్పటినుంచి గీతలు లోపల ఉండడం మొదలైంది. వదినెకు నేనే ఫోన్ చేసి చెప్పాను.

"అబ్బో పంతులమ్మా. ఇగ మా తోని మాట్లాడుతవా?" అన్నది. నవ్వుతూనే అన్నది. ఆ తర్వాత మా ఇద్దరి మధ్య మాట సాగలేదు.

రాత్రిపూట కాదు, పనిలో చేతులు నురుగులో ఉన్నప్పుడే నాకు ఈ ఆలోచన వచ్చేది. నేను చీమలు చూసింది మందు వల్లనే. పక్కామె తల్లిని తిట్టింది మందు వల్లనే. మంచిదే. మరి పాట పాడింది? జడ వేసింది? నా బిడ్డకు ఇష్టమైన మాపటి అవ్వ సగం సీసాలోనుంచి వచ్చిందేనా? ఇప్పుడు నాలో పొద్దటి ఆమె లేదు, మాపటి ఆమె లేదు. మూడో మనిషి ఎవరో ఉంది. ఆమెతో నాకింకా పరిచయం కాలేదు. బిడ్డ వచ్చినప్పుడు నేను ఎట్లా మాట్లాడాలో తెలియక ఎక్కువగా కూరగాయలు కోస్తూ కూర్చునేదాన్ని.

ఒకసారి గోళీల కోసం పోయినప్పుడు డాక్టరమ్మను అడిగాను.

"అమ్మా, చిన్న పిల్లకు పోస్తే ఏమైతది? రోజు మూతెడు పోసి, ఒక్కసారి బంద్ చేస్తే?"

"ఎవరి పిల్ల?"

"పక్కింటోళ్ల పిల్ల."

ఆమె కలం ఆపి నన్ను చూసింది. "ఎంత వయసు?"

"ఇప్పుడు ఇరవై ఎనిమిది."

డాక్టరమ్మ నవ్వలేదు. "అప్పుడు ఫిట్స్ వచ్చినయా? మళ్లీ ఎప్పుడన్న?"

"గా వారమే. మళ్ల రాలే. కానీ వాళ్ల నాయన మేనమామకు ఉండెనట."

"నేను చూడకుండ గట్టిగ చెప్పలేనమ్మా. పిల్లలకు జ్వరంల కూడ వస్తయి. కానీ మీరు చెప్పినట్టే అయితే, అది రక్తంల వచ్చినదానికన్న మందు బందైనందుకు వచ్చిందనే నాకు అనిపిస్తున్నది. ఆ అమ్మాయిని ఒక్కసారి తీసుకరండి. ఏం జరిగిందో అంతా చెప్పాలె. సగం చెప్తే లాభం లేదు."

నేను తీసుకురాలేదు. బిడ్డకు మూర్ఛ లేదు కదా, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. ఉన్న ఒక్కరిని పోగొట్టుకోవడం ఎందుకనుకున్నాను. ఈ రెండో మాటే అసలు మాట.

మొన్న శనివారం బిడ్డ వచ్చింది. గోరుచిక్కుళ్లు తెచ్చింది. ఇద్దరం తలా కొన్ని ముందేసుకుని ఈనెలు తీస్తున్నాం.

"అవ్వా, నాకు రెండు నెలలు తప్పింది," అన్నది.

నా చేతిలో చిక్కుడు ఉండిపోయింది. పెళ్లయి ఐదేళ్లు. పిల్లలు ఎందుకు లేరని అందరూ అడుగుతుంటే, దేవుడు ఇస్తలేడని చెప్పేది. నేనూ అదే అనుకున్నాను.

"అల్లునికి చెప్పినవా?"

"లేదు. చెప్ప. సోమవారం పోయి తీయించుకుంట. నువ్వు తోడు వస్తవా అని అడుగుదామని వచ్చిన."

"ఎందుకే?"

ఆమె తల ఎత్తలేదు. ఈనె తీస్తూనే ఉంది. "ఎందుకేంది అవ్వా. ఇన్నేండ్లు నేనే కాకుండ చూసుకున్న. ఈసారి తప్పింది. నాది దానికి వస్తే? కాలువ గట్టు మీద ఊరు మాది. ఎన్ని దినాలు కాపలా ఉండాలె?" కొంచెం ఆగి అన్నది. "దానికి చురకలు ఎవలు పెట్టిపియ్యాలె? కాళ్లు ఎవలు పట్టుకోవాలె? నువ్వా, నేనా?"

అప్పుడే చెప్పాలి. నోరు తెరిచాను. బిడ్డా అన్నాను. తర్వాత, చాయ్ పెట్టనా అన్నాను.

నాలుగు గంటల బస్సుకు ఆమెను ఎక్కించి వచ్చాను. ఐదయింది. టీచరమ్మ ఇంటికి పోలేదు. కాపీ పుస్తకం నడిమి కాగితం తీసి గడప దగ్గర వెలుతురులో కూర్చున్నాను. మిల్లు నడుస్తోంది, నేల అదురుతోంది. 

మొదట రాసింది, ఆ మందు మెదడును ఏం చేస్తుందో. డాక్టరమ్మ మాటలు గుర్తున్నంత రాశాను. చదువుకుంటే నా తప్పేం లేనట్టుంది. మందు చేసింది, మెదడు చేసింది, నేనెక్కడా లేను. దాన్ని కొట్టేశాను. బిడ్డ చెయ్యి కొట్టుకున్నది మందు వల్లనే. కానీ క్యాను మూత విప్పి వంచింది బువ్వ వేళకు అది రాగానే, నేను ఇంకా చుక్క తాగకముందు. అప్పుడు నా తల తేటగానే ఉంది. దవాఖాన మంచం మీద లేరమ్మా అన్నప్పుడు కూడా తేటగానే ఉంది. పక్కింటి పిల్ల అన్నప్పుడు మరీ తేటగా ఉంది. అవి రాశాను. వదినె చెప్పిందని రాసి, అదీ కొట్టేశాను. మిల్లు ఆగేసరికి ఒక పక్క నిండింది. కింద నా పేరు పెట్టలేదు. నీ అవ్వ అని రాశాను. ఏ అవ్వ అని ఆమె అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మర్నాడు పొద్దున మొదటి బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే కండక్టరు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇచ్చాడు. దారి పొడుగునా నారుమళ్లు పచ్చగా ఉన్నాయి. నేను పోయేసరికి బిడ్డ వాకిలి చల్లుతోంది. అల్లుడు దున్నడానికి ట్రాక్టర్ తీసుకుని అప్పుడే పోయాడట.

"ఏందవ్వా పొద్దుగాల్నే? నిన్ననే గద కలిసింది." చేతులు తుడుచుకుని లోపలికి పోయి రెండు గ్లాసుల్లో చాయ్ పోసుకుని వచ్చింది. నా చేతిలో కాగితం చూసింది. "ఏం కాగితం? ఇటియ్యి, చదువుత." అలవాటు కొద్దీ చెయ్యి చాపింది.

"నేనే చదువుత. నువ్వు కూసో."

ఆమె నవ్వి కూర్చుంది. నేను మెట్టు మీద కూర్చుని, వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివాను. మూత దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి చీర మీదినుంచి బొడ్డు దగ్గరికి పోవడం పక్కనుంచి కనపడింది. తల ఎత్తితే వరుస తప్పుతానని ఎత్తలేదు. చివరిదాకా చదివాను.

వీధిలో ఒక ఆటో పోయింది.

"ఎప్పటిసంది తెలుసు నీకు?" అన్నది.

"రెండేండ్లసంది."

 కాగితం నా చేతిలోనుంచి తీసుకుని, తనలో తాను మళ్లీ చదివింది. నాలా వేలు పెట్టకుండా, తొందరగా. తర్వాత మడిచింది.

"రేపు దవాఖానకు రా. తీయించుకుంటనో లేదో నాకు తెల్వది. ముందుగాల గా డాక్టరమ్మ దగ్గరికి పోదాం. ఎన్ని మూతలు పోసినవో నువ్వే చెప్పు ఆమెకు. పక్కింటి పిల్ల అనకు."

ఉండుమని అనలేదు, తినిపొమ్మని అనలేదు. లోపలికి పోయింది. చాయ్ రెండు గ్లాసుల్లోనూ అట్లనే ఉండి మీగడ కట్టింది. నేను వాటిని కుండీ దగ్గర పారబోసి, గ్లాసులు కడిగి, గడప పక్కన బోర్లించి, బస్సు కోసం రోడ్డు దాకా నడిచాను.